సుద్దతో గీసిన మూడో సున్నా

కుందుర్పి దారిలో జీపులు నడిపేవాళ్లు కొత్తగా స్టీరింగు పట్టినవాళ్లకు ఒక కథ చెబుతారు. గొర్రెల సంతకు ముందుగా చేరాలన్న ఆత్రంలో ఒకడు దిగుడులో బండిని తరిమాడనీ, మలుపులో బ్రేకు తొక్కితే అది తిరగబడిందనీ, వెనక గొర్రెలతో పాటు కూర్చున్న సొంత బావమరిది దాని కింద పడి చనిపోయాడనీ చెబుతారు. టీ బంకు దగ్గర ఈ కథ నడుస్తుంటే నేను పక్కనే కూర్చుని చాలాసార్లు విన్నాను. అవునవునని తల కూడా ఊపాను.

మా టింకరింగ్ పనివాళ్లు చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. ఇనుమును కొట్టి, శబ్దం విని, లోపలి తుప్పును పట్టేసే ముసలి మేస్త్రీకి చివర్లో చెవి మోసం చేసిందనీ, అదే జీపులో ఒక పుచ్చును ఆయన కనుక్కోలేకపోయాడనీ అంటారు.

రెండూ తప్పు. ఆ డ్రైవరు తప్పు చెయ్యలేదు. ఆ మేస్త్రీ చెవి పోలేదు. తప్పు చేసింది నేను. పదిహేనేళ్లు దాన్ని వాళ్లిద్దరి మీద ఉంచి, ఆ మధ్యలో మంచి పనివాడినని పేరు కూడా తెచ్చుకున్నాను. మోకాళ్లు అరిగి రెండేళ్ల కిందట పని మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చదువుతారని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు రాయను. మా చుట్టుపక్కల వాళ్లకు పేర్లు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు వాటితో పనిలేదు.

కళ్యాణదుర్గంలో మా ఇంటి ముందు రేకుల కొట్టమే నా షెడ్డు. ఇంటి వాకిలీ పని వాకిలీ ఒకటే. నా భార్య బియ్యం ఏరే చేట పక్కనే నేను రంగు రుద్దే వాటర్ పేపరు ముక్కలు ఆరుతుండేవి. పాత బండ్లకు పుచ్చిన రేకు కోసి కొత్త రేకు వెయ్యడం, సొట్టలు తియ్యడం, లప్పం పెట్టి రుద్దడం, రంగు కొట్టడం నా పని. గ్యాస్ వెల్డింగ్ మేస్త్రీది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. చుట్టరికం లేకపోయినా నేను మామా అనేవాడిని, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు.

మేస్త్రీ దగ్గర చిన్న సుత్తె ఒకటి ఉండేది. పిడి ఆయన చేతికి తగినట్టు అరిగిపోయి, వేరేవాళ్లు పట్టుకుంటే జారిపోయేది. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఏ బండి వచ్చినా ముందు కిందికి దూరి, సుత్తెతో జానెడుకొక దెబ్బ వేస్తూ, శబ్దం వింటూ పోయేవాడు. మంచి ఇనుము మోగుతుంది. తుప్పు తిన్న ఇనుము కుళ్లిన గుమ్మడికాయను కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. మోగితే 'బాగుండాది' అని తనలో తాను అనుకుని ముందుకు జరిగేవాడు. మోగకపోతే ఏమీ అనకుండా అక్కడ సుద్దతో అరచేయంత సున్నా గీసేవాడు. ఆ సున్నా విషయంలో మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని చేత్తో చెరపకూడదు. గ్యాస్ మంటతో ఆ ముక్కను కోసి పారేసినప్పుడే సున్నా పోవాలి.

నిజం చెప్పాలంటే ఆయన కింద దూరినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. మా సీమలో ఇనుముకు తుప్పు పట్టదని ఒక ధీమా ఉంది. సముద్రం పక్కనుంచి వచ్చిన పాత బండిని మావాళ్లు ముట్టుకోరు. మన పక్క బండి అంటే మాత్రం కళ్లు మూసుకుని కొంటారు. నాదీ అదే ధీమా. రేకులకు ఎప్పుడైనా పుచ్చు పట్టొచ్చు, అడుగున బండినంతా మోసే ఛాసీకి మాత్రం ఏమవుతుందిలే అనుకునేవాడిని.

ఆ జీపు కుందుర్పి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. దాని యజమానే డ్రైవరు. గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టి, మందలో సగం అమ్మి పాత జీపు కొన్నవాడు. మామూలు రోజుల్లో మనుషుల్ని ఎక్కించుకునేవాడు, సంత రోజున గొర్రెల్ని. ఆ ఏడు విత్తిన వేరుశనగ మట్టిలోనే మాడిపోయింది. మేత దొరకలేదు. ఊళ్లకు ఊళ్లు గొర్రెల్ని అమ్ముకోవడానికి బయలుదేరాయి. ఆ జీపు ఒక సంత అని లేకుండా వారానికి మూడు నాలుగు సార్లు గొర్రెల్ని మోసింది. చివరికి వెనక తొట్టి అడుగు రేకు చిల్లులు పడి, ఒక పొట్టేలు కాలు అందులో ఇరుక్కుంటే దసరాకు ఇరవై రోజుల ముందు నా దగ్గరికి తెచ్చాడు.

"అన్నా, ఆయుధ పూజకంతా కొత్త బండి అయిపోవల్ల," అన్నాడు.

"కొత్త బండి కావల్లంటే కొత్త బండే కొనల్లప్పా. నేను చేసేది పెండ్లికొడుకును," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడే మేస్త్రీ కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రికి పోయాడు. నేనొక్కడినే పని మొదలుపెట్టాను. అడుగు రేకంతా కోసి కొత్తది వేశాను. తలుపులు, మడ్‌గార్డులు బాగుచేశాను. ముదురు ఆకుపచ్చ రంగు కొట్టాను. నా చేతి మీదుగా పోయిన రంగుల్లో దానంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. ఛాసీ మాత్రం కొట్టి చూడలేదు. ఇక్కడే మొదటి తప్పు. కింద చూడకుండా పైన రంగు వేశాను. రంగు అయిపోయినాక కింద లోపం కనిపిస్తే చేసిన పనంతా విప్పడానికి ఎవడికీ చెయ్యి రాదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి.

ఆయుధ పూజ రేపనగా మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. కళ్లకు ఆసుపత్రివాళ్లిచ్చిన నల్ల అద్దాలు. జీపు చుట్టూ ఒక తిరుగు తిరిగి, "రంగు బాగుండాదంటాండారు. నాకైతే అంతా మబ్బే. ఛాసీ కొట్టి చూస్తివా?" అన్నాడు.

"వాన లేని ఊర్లో ఛాసీకి తుప్పు యాడనుంచి వస్తాది మామా? మబ్బు మొగం చూసి రెండేండ్లాయె."

"వాన లేకపోతేనేమప్పా, గొర్రెల ఉచ్చ లేదా? వాన పడితే ఆరిపోతాది. అది ఉప్పు. లోపలికి దిగి ఆడనే కూచుంటాది."

అద్దాలు తీసి జేబులో పెట్టుకుని కిందికి దూరాడు. 'బాగుండాది... బాగుండాది' అంటూ పోతున్నాడు. ఒకచోట ఆగాడు. సుద్ద గీసిన చప్పుడు. ఇంకొకచోట ఆగాడు. మళ్లీ సుద్ద. ఆ రెండూ ముందువైపు, చిన్నవి. మూడోసారి కుడిపక్క వెనక ఆగి, అదేచోట నాలుగైదు దెబ్బలు వేశాడు. నేనూ వంగి చూశాను. బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టను కమాను అంటాం. ఆ కమానును ఛాసీకి పట్టి ఉంచే ఇనుప చెవి పైన, సరిగ్గా ఆ అతుకు దగ్గర ఆయన సున్నా గీస్తున్నాడు.

"పైకి బాగుండాదే మామా. గీత గూడా లేదు."

"పైకి నువ్వూ బాగుండావు. లోపలేముండాదో ఎవరికి ఎరుక?" అని నవ్వి, బయటికి వచ్చి మన్ను దులుపుకున్నాడు. "లోపలినుంచి తినుకుంటా వచ్చినాది. బాడీ లేపల్ల. ఆ ముక్క కోసి మందం పట్టీ వెయ్యల్ల. నాలుగు దినాల పని. వాన్ని పండగ అయినాక రమ్మను."

"రేపు పూజకు బండి కావల్లని ప్రాణం తీస్తాండాడు మామా."

"పూజ యాడికీ పోదు. పుచ్చు కూడా యాడికీ పోదు. కోయి." కంట్లో మందు వేసుకునే వేళయిందని వెళ్లిపోయాడు.

ముందు రెండు సున్నాలు మేస్త్రీ గ్యాస్‌తో నేనే కోసి పట్టీలు అతికించాను. గంట పని. మూడోదాని కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశాను. బాడీ లేపాలంటే తొట్టి విప్పాలి, కొత్త రేకు విప్పాలి, రంగు పాడవుతుంది. అంతకంటే, 'తుప్పు యాడనుంచి వస్తాది' అని ఆ పూటే నేను అన్న మాట ఉంది. డ్రైవరుతో కూడా రెండుసార్లు అదే అన్నాను. 'నీ ఛాసీ ఉక్కప్పా, దాన్ని చూడాల్సిన పనే లేదు' అని.

పొద్దు వాలుతుండగా డ్రైవరు వచ్చాడు. భార్యను, ఆమె తమ్ముడిని వెంటబెట్టుకుని, బంతిపూల దండలతో. ఆ తమ్ముడిని, తల్లి పోయినాక ఈమే పెంచిందట. పాతికేళ్లుంటాయి. గొర్రెల్ని ఎక్కించడం, దించడం, దారిలో అవి ఒకదాన్నొకటి తొక్కుకోకుండా చూడడం అతని పని. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, వేలి చివరతో తలుపును తాకింది.

"అన్నా, ఇది మా జీపేనా? ఇంత రంగు నేను చూళ్లేదు," అంది.

"ఇంగ గొర్రెలకు కాళ్లు కడిగి ఎక్కియ్యల్లక్కా," అన్నాడు తమ్ముడు. "పొట్టేళ్లకైతే సబ్బు గూడా."

"ముందు నువ్వు కడుక్కో," అంది ఆమె.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "ఇంగేమన్నా పని మిగిలిందా అన్నా?"

చెప్పాల్సిన క్షణం అది. నాలుగు రోజులు ఆగప్పా అంటే సరిపోయేది. పూలదండలు వెనక్కి తీసుకుపోయేవాళ్లు, నన్ను నాలుగు తిట్లు తిట్టేవాళ్లు.

"కింద నల్ల రంగు ఒక చెయ్యి. అంతే," అన్నాను.

కిరసనాయిలు గుడ్డ, రంగు డబ్బా తీసుకుని కిందికి దూరాను. వాళ్లు పైన మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆమె రంగు గురించే ఇంకా చెబుతోంది. ఆ మాటలు వింటూ మూడో సున్నాను గుడ్డతో తుడిచాను. లోపలివైపు చెయ్యి సరిగా అందలేదు. అందినంత తుడిచి, పైన నల్ల రంగు పూశాను. పండగ అయినాక పిలిచి చెప్పాలని అనుకున్నాను. ఆ అనుకోవడం అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా తుడవగలిగాను.

పూజ బాగా జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి తీసుకుపోయారు. మూడోరోజు డ్రైవరు ఒక పొట్టేలు తొడ తెచ్చి మా ఇంట్లో ఇచ్చాడు. అప్పుడు చెప్పొచ్చు. కానీ చెబితే, అంతకుముందు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ ఆ రెండో సమాధానం కష్టమవుతూ వచ్చింది. మేస్త్రీ కంట్లో చీము పట్టి మళ్లీ ఆసుపత్రికి పోయాడు. నెల తర్వాత వచ్చి, "ఆ గొర్రెల జీపు సున్నాలు కోసినావా?" అని అడిగాడు. "కోసినా మామా," అన్నాను.

ఆ తర్వాత నెలన్నరకు, ఒక సంత రోజు పొద్దున్నే, కంబదూరు దాటినాక దిగుడు మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. అతను బ్రేకు తొక్కాడు. కుడిపక్క కమాను చెవి ఛాసీ ముక్కతో సహా ఊడి వచ్చింది. వెనక ఇరుసు పక్కకు జరిగి బండి గుంటలోకి తిరగబడింది. వెనక కూర్చున్న తమ్ముడు దాని కింద పడ్డాడు. పద్నాలుగు గొర్రెల్లో తొమ్మిది బతికాయి.

డ్రైవరే పోలీసులకు చెప్పాడు, "తరిమినా సార్. బ్రేకు గట్టిగా తొక్కినా," అని. అక్కడ అందరూ తరిమినంతే అతనూ తరిమాడు. ఏ బండయినా ఆ బ్రేకుకు నిలబడాలి. కానీ తన కాలి కింద జరిగింది కాబట్టి తన కాలే చేసిందనుకున్నాడు. బండిని చూడడానికి వచ్చిన అధికారి కూడా ఎక్కువ బరువు, ఎక్కువ స్పీడు అని రాసుకుని పోయాడు. చెవి ఊడినందువల్ల బండి పడిందా, బండి పడినందువల్ల చెవి ఊడిందా అని ఎవరూ అడగలేదు.

బండిని నిటారుగా నిలబెట్టి తోసుకుపోవడానికి వీలుచెయ్యమని మమ్మల్ని పిలిచారు. మేస్త్రీ ఆ చిరిగిన చోట వేళ్లు పెట్టి తడిమాడు. అంచు బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాడు.

"అల్లుడూ, ఆ దినం ఈడ నేను సుద్ద పెట్టలేదా?"

"లేదు మామా."

"ఎన్ని పెట్టినా?"

"రెండు. రెండూ ముందరవి. కోసి అతికిస్తిని కదా."

"రెండేనా?"

"రెండే మామా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆపరేషన్ చెడిన ఆ కళ్లకు నా ముఖం ఎంత కనిపించిందో తెలియదు. "మూడు అనుకొంటి," అన్నాడు. వేళ్లు దులుపుకుని, "కండ్లు పోయినాయంటే సరే. చెవి గూడా పోయిందన్నమాట," అన్నాడు.

మరుసటి రోజు షెడ్డుకు వచ్చి సుత్తె నా చేతిలో పెట్టాడు. "వినపడని వాని దగ్గర ఇదుంటే ఇంకొకన్ని చంపుతాది. నువ్వుంచుకో," అని వెళ్లిపోయాడు. మళ్లీ ఏ బండి కిందికీ దూరలేదు.

డ్రైవరు మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఊళ్లో వేరేవాళ్ల గొర్రెల్ని మేపుకుంటూ బతికాడు. జీపును పాత ఇనుముకు అమ్ముతానంటే భార్య ఒప్పుకోలేదట. "మా తమ్మున్ని తిన్న బండి. కండ్లెదురుగా ఉండనీ," అని ఇంటి ముందే పెట్టించింది. భర్తతో నేరుగా మాట్లాడడం మానేసింది. అన్నం పెడితే, 'అన్నం పెట్టినానని చెప్పండి' అని పక్కింటివాళ్లతో, లేదా గోడతో అనేదట. ఇదంతా నాకు ఆ పక్కనుంచి వచ్చే బండ్లవాళ్లు చెప్పేవాళ్లు. నేను వింటూ లప్పం రుద్దుకునేవాడిని.

ఆ తర్వాత నేను ఒక్క ఛాసీని కూడా కొట్టకుండా వదల్లేదు. ఆ సుత్తెతోనే కొట్టాను. దాని పిడి మెల్లగా నా చేతికి కుదిరింది. 'మేస్త్రీ చెవి నీకొచ్చిందిలే' అని జనం మెచ్చుకునేవాళ్లు. ఉరవకొండ నుంచి కూడా బండ్లు వచ్చేవి.

పోయిన వేసవిలో మేస్త్రీ మంచాన పడ్డాడు. చూడడానికి వెళ్లాను. గొంతు సన్నబడింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"అల్లుడూ, ఒక పని చేసిపెట్టు. ఆ కుందుర్పి పక్క పిల్లోని దగ్గరికి పో. మేస్త్రీకి వినపడలేదని చెప్పు. తప్పు నాదని చెప్పు. వాడు లేనిపోని బరువు మోస్తాండాడు. నేను పోదామంటే కాళ్లు రావు."

నోరు తెరిచాను. అప్పుడే ఆయన భార్య పాలగ్లాసుతో లోపలికి వచ్చింది. మూసుకున్నాను. ఆమె అడ్డం వచ్చిందని రాయడం కూడా నన్ను నేను కాపాడుకోవడమే. ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. అరగంట ఇద్దరమే ఉన్నాం.

"చెప్తా మామా," అని మాత్రం అన్నాను.

తొమ్మిదో రోజు ఆయన పోయాడు.

ఇక్కడ నేను నిజం చెప్పడానికి బయలుదేరానని రాసుకుంటే బాగుంటుంది. కాదు. మేస్త్రీ చెప్పమన్న మాటే చెప్పి రావాలని డ్రైవరు ఊరికి వెళ్లాను. దారి పొడుగునా అది న్యాయమేననిపించింది. డ్రైవరు మీది బరువు దిగిపోతుంది. మేస్త్రీ కోరిక తీరుతుంది. పోయినవాడికి కొత్తగా వచ్చే నష్టం ఏముంది?

పల్లెలో ఇంటి ముందే జీపు ఉంది. చక్రాలు లేవు, నాలుగు రాళ్ల మీద నిలబెట్టారు. నేను కొట్టిన ఆకుపచ్చ అక్కడక్కడా మిగిలి ఉంది. తొట్టిలో మేత కట్టలు. డ్రైవరు అరుగు మీద కూర్చుని గొర్రె ఉన్ని కత్తిరించే కత్తెర నూరుతున్నాడు. తల పూర్తిగా నెరిసింది. భార్య కొంచెం దూరంలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

మేస్త్రీ చెప్పమన్నది చెప్పాను. బ్రేకు వల్ల కాదు, ఛాసీ లోపల పుచ్చిపోయింది, మేస్త్రీకి వినపడలేదట, తప్పు ఆయనదట.

అతను కత్తెర పక్కన పెట్టాడు. ఆమె చేతులు ఆగాయి.

"యాడ పుచ్చింది?" అన్నాడు అతను. "చూపించు."

ఇద్దరం జీపు కిందికి దూరాం. పగలే అయినా కింద చీకటిగా ఉంటే అతను ఫోను లైటు వేశాడు. కుడిపక్క వెనక, చెవి ఊడిపోయిన చోట రంధ్రం. నేను వేలు పెట్టి చూపించబోయి ఆగిపోయాను.

రంధ్రం పక్కన, లోపలివైపు, నల్ల రంగు మీద తుప్పుతో గీసిన అర సున్నా ఉంది. అరచేయంత సున్నాలో సగం. సుద్ద మీద రంగు పట్టదు. నా చెయ్యి అందక సుద్ద మిగిలిన గీత వెంబడే రంగు పెచ్చులూడి, ఆ గీత వెంబడే తుప్పు పట్టింది. మిగతా నలుపంతా అలాగే ఉంది.

"ఇదేందన్నా, గీసినట్టు గుండ్రంగా?"

నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

"ముసలాయప్ప ఇట్లే కదా గీసేది? మీ షెడ్డులో శానాసార్లు చూసినా." లైటు దగ్గరికి పెట్టాడు. ఆ గీత మీద వేలు నడిపించాడు. "వినపడలేదంటివే. వినపడకపోతే ఇదెవరు గీసినారు?"

"ఆయనే గీసినాడు," అన్నాను. "నేను తుడిచినా. మీరు పూలదండలు తెచ్చిన పొద్దు. మీరు పైన మాట్లాడ్తాంటే కింద తుడిచి రంగు పూసినా. తర్వాత ఆయన అడిగితే నువ్వు గీయలేదని చెప్పినా."

అతను పక్కనే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లైటు ఆర్పేశాడు. మా మోచేతులు తగులుతున్నాయి. కొట్టినా ఆ ఇరుకులో తప్పుకునే చోటు లేదు.

"నేను బ్రేకు తొక్కకపోయుంటే?" అన్నాడు.

"ఆ దినం కాకపోతే ఇంకో దినం ఊడేదప్పా. నీ కాలిది ఏమీ లేదు."

బయటికి వచ్చాం. అతను రాయి మీద కూర్చుండిపోయాడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "ఏముంది అన్నా ఆడ?" అని అడిగింది. ఆమెకూ అదంతా మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలిక కాలేదు.

ఆమె ఏడవలేదు. "ఆ పొద్దు నేను రంగు బాగుండాదంటి. మా తమ్ముడు నవ్వినాడు. నువ్వు కిందుండి వింటానే తుడిచినావు," అంది.

"అవునమ్మా."

ఆమె నన్ను వదిలి భర్త దగ్గరికి వెళ్లి నిలబడింది. "లే. వీపంతా మన్ను," అంది. అతను లేవలేదు, తలెత్తి ఆమెను చూశాడు. ఆమె వంగి కొంగుతో అతని వీపు మీది మన్ను దులపడం మొదలుపెట్టింది. మన్ను పోయినాక కూడా దులుపుతూనే ఉంది. నేను అక్కడ నిలబడి చూడాల్సింది కాదు. ఎటు పోవాలో తెలియక నిలబడ్డాను.

నేను బయలుదేరుతుంటే అతను వీధి మలుపు దాకా వచ్చాడు. "నిన్ను కొట్టల్లని ఉండాదన్నా," అన్నాడు.

"కొట్టు."

"కొడితే నీకు బాగుంటాది. వద్దులే." కాసేపు నడిచాక అన్నాడు, "నువ్వు ఈ పొద్దు గూడా చెప్పడానికి రాలేదు. సచ్చిపోయినాయప్ప మీద పెట్టి పోదామని వచ్చినావు. ఆ గీత లేకపోతే పెట్టిపోతాంటివి."

"అవును."

"ముసలాయప్ప ఇంట్లో ఆ అవ్వకు పోయి చెప్పు. మళ్ల రాసిపెట్టు. నోటిమాట వద్దు. నోటిమాట అయితే రేపు టీ బంకు కాడ ఇంకో కత చేస్తారు."

అందుకే రాస్తున్నాను. పదిహేనేళ్ల తర్వాత రాస్తే ఏమి తిరిగి వస్తుందని నా భార్య అడిగింది. ఏదీ రాదు. అతనికి నలభై దాటిపోయాయి, మళ్లీ బండి ఎక్కనన్నాడు. ఆ తమ్ముడు రాడు. మేస్త్రీ తన చెవిని తానే అనుమానిస్తూ పోయాడు. నేను చెయ్యగలిగింది, కథలో నా చోట నేను నిలబడడం ఒక్కటే.

అతను చెప్పిన మరుసటి రోజు మేస్త్రీ ఇంటికి వెళ్లాను. సుత్తె గుడ్డలో చుట్టి తీసుకుపోయాను. ఆయన భార్య గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. చిన్నప్పటినుంచీ అత్తా అని పిలిచిన మనిషి. ఎదురుగా కూర్చుని మొదటినుంచీ చెప్పాను. మూడో సున్నా, కిరసనాయిలు గుడ్డ, 'రెండే మామా' అన్న మాట. పాలగ్లాసు రోజు కూడా.

ఆమె నేను ముందు పెట్టిన సుత్తె మూటను దగ్గరికి జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది.

"చెవి పోయిందని ఆ మనిషి ఇంట్లో ఒక్క గిన్నె వదల్లేదప్పా. చెంబు, తపేలా, కుక్కరు మూత. గోటితో కొడతాండె, చెవి కాడ పెట్టుకుంటాండె. 'ఇది నీకు వినపడ్తాందా?' అని నన్ను అడుగుతాండె. వినపడ్తాందయ్యా అంటే, 'నాకూ వినపడ్తాందే, మల్ల ఆ దినం యాల వినపడలేదు?' అంటాండె. పదిహేనేండ్లు. పిచ్చి పట్టిందా అని తిడ్తి నేను."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఇక రాదేమో అనుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్లకు నీళ్లివ్వడం ఆ ఇంటి అలవాటు, నాలాంటివాడు వచ్చినా. ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఖాళీ చెంబు బండల మీద పెట్టాను.

ఆమె గుడ్డ విప్పి సుత్తె చేతిలోకి తీసుకుంది. పిడి ఆమె చేతిలో జారింది, మళ్లీ పట్టుకుంది. చెంబును మెల్లగా ఒక్కసారి కొట్టింది. పాత ఇత్తడి. చాలాసేపు మోగింది.

అది పూర్తిగా ఆగేదాకా ఆమె చెవి ఒగ్గి వింది.

"బాగుండాది," అంది. నాతో కాదు.